ఆయన మీకేమవుతారు?

గేషె తన కిడ్నీ ఒకటి ఇస్తానని చెప్పిన రోజున పక్కింటి ఒన్నో చేతిలో కప్పు కింద పెట్టి, కిటికీలోంచి కరకట్ట వైపు చూసి, "వాన వచ్చేట్టుంది," అన్నాడు.

మా సముద్రపు కట్ట కింది ఊళ్లలో మనుషులు అంతే. ప్రాణం గొంతులోకి వచ్చినా వాన గురించే మాట్లాడతారు. కూర అమృతంలా ఉంటే "తినొచ్చు" అంటారు. పెళ్లాం మీద ప్రాణాలు పెట్టుకున్నవాడు కూడా "మా ఇంటిది ఫర్వాలేదు" అని ఊరుకుంటాడు. అంతకు మించి ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడాడంటే, తాగి ఉన్నాడనో, ఏదో అంటగట్టడానికి వచ్చాడనో అనుకుంటాం. దేశంలో తక్కినవాళ్లు మమ్మల్ని చూసి నవ్వుతారు. నవ్వనీ, మాకేం.

గేషె మా ఊరి ఆడమనిషే, అయినా ఆ రోజు ఊరుకోలేదు.

"వాన సంగతి నేనడిగానా? కిడ్నీ కావాలా, వద్దా?"

"నీది నీ దగ్గరే ఉంచుకో."

"నాకు రెండున్నాయి."

"రెండూ ఉంచుకో. చలికాలం వస్తోంది."

"కిడ్నీలేమన్నా కంబళ్లటయ్యా, రెండు కప్పుకోవడానికి?"

 ఒన్నో టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. అంటే వద్దని కాదు. వద్దనుకుంటే "వద్దు" అనేవాడు. ఇన్నేళ్లుగా పక్కింట్లో ఉన్న మనిషి, గేషెకి ఆ మాత్రం తెలుసు.

ఒన్నో రొయ్యల పడవ నడిపినవాడు. పెళ్లీ పెటాకులూ లేవు. ఒంట్లో ఉప్పు నీరు తప్ప నెత్తురు లేదని రేవులో వేళాకోళం చేసేవాళ్లు. అలాంటివాడికి కిడ్నీలు రెండూ ఎండిపోయాయి. పడవ అమ్మేశాడు. వారానికి మూడుసార్లు టాక్సీ వచ్చి అతన్ని డయాలసిస్‌కి తీసుకుపోతుంది, సాయంత్రానికి పిండి ఆరేసిన గుడ్డలా తెచ్చి దింపుతుంది. చనిపోయినవాళ్ల కిడ్నీ కోసం పేరు రాయించాడు కానీ, మా దేశంలో ఆ వరస ఏళ్ల తరబడి కదలదు. ఒన్నోకి అన్నేళ్లు ఉన్నాయా లేవా అన్నది ఎవరూ పైకి అనరు.

గేషెకి అరవై దాటాయి. సైకిలు మీద ఊరూరూ తిరిగి ఉత్తరాలు పంచిన మనిషి కాబట్టి ఒళ్లు గట్టిది. భర్త పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. ఉద్యోగంలో ఉన్నంత కాలం ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరు పలకరించేవారు. రిటైరైన మర్నాటి నుంచి ఆ గుమ్మాలన్నీ మూసుకున్నాయి. చేతిలో ఉత్తరం లేనిదే ఎవరి తలుపూ తట్టడం ఆమెకు చేతకాలేదు.

మిగిలింది ఒన్నో ఒక్కడే. డయాలసిస్ లేని రోజు మధ్యాహ్నం టీకి వస్తాడు. మా వైపు టీ అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. కప్పులో ముందు కలకండ ముక్క, దాని మీద వేడి టీ, పైన చెంచాతో మీగడ. కలపకూడదు. మూడు కప్పులు తాగకుండా లేచాడంటే ఇంటావిడ ముఖాన కొట్టినట్టే. కిడ్నీలు పోయినవాడికేమో చుక్క నీరు కూడా కొలతే. అందుకని జబ్బు చేసిన కొత్తలో ఒన్నో రావడం మానేశాడు. ఒక్క కప్పు తాగి లేచి ఆమెను అవమానించలేడు, మూడు తాగి బతకలేడు.

గేషె సంతలో పిల్లలు బొమ్మల పెళ్లి ఆడుకునే పింగాణీ కప్పులు కొనుక్కొచ్చింది. ఒక్కో దాంట్లో గుక్కెడు పడుతుంది, అంతే. కలకండని సుత్తితో పలుకులుగా కొట్టి ఉంచి, వెళ్లి అతని కిటికీ అద్దం మీద కొట్టి రమ్మంది. ఒన్నో వచ్చి కూర్చుని కప్పు వంక చూశాడు.

"కప్పు చిన్నదైంది."

"ఉతికితే కుంచించుకుపోయింది."

మూడు కప్పులూ తాగాడు. ఆ విషయం మళ్లీ ఎప్పుడూ వాళ్ల మధ్య రాలేదు.

ఈ మనిషి పోతే తన గతేమిటని గేషెకి భయం. ఉన్నమాట చెప్పుకోవాలంటే అదీ అసలు సంగతి. మధ్యాహ్నం మూడు గంటలకి వంటింట్లో ఒక్కతే నిలబడి ఉండటం ఆమె కళ్ల ముందు కనిపించేది. అందుకే ఒన్నోని వారాల తరబడి సతాయించి, తనే ముందు పరీక్షలన్నీ చేయించుకుంది. నెత్తురు కలిసింది, తక్కినవీ కలిశాయి. డాక్టర్ సీవర్స్ అనే ఆవిడ, ఒన్నోని చూసే కిడ్నీల డాక్టరు, సంతోషంగా తల ఊపి, వెంటనే మొహం కొంచెం ముడుచుకుని, గేషెని ఇంటిపేరుతో పిలిచింది.

"ఒక చిక్కుంది హార్మ్స్ గారూ. బతికున్నవాళ్లు కిడ్నీ ఇవ్వాలంటే చట్టం ప్రకారం రక్తసంబంధమన్నా ఉండాలి, పెళ్లన్నా అయుండాలి. రెండూ లేకపోతే ఇద్దరూ ఎంతో దగ్గరివాళ్లని తేటతెల్లంగా కనపడాలి. కమిటీ ఒకటుంటుంది. మిమ్మల్నీ ఆయన్నీ విడివిడిగా అడుగుతారు."

"ఏమని?"

"ఆయన మీకేమవుతారు అని."

"ఎవరికీ ఏమీ కానివాళ్లు ఏం చెయ్యాలి? ఊరికే ఎవరో ఒకరికి ఇస్తామంటే?"

"ఇక్కడ కుదరదు."

"అయితే నా అన్నవాళ్లు లేనివాళ్ల కిడ్నీ ఎవరికీ పనికిరాదన్నమాట," అంది గేషె.

 చట్టాన్ని తిట్టడానికి లేదు. లేనివాడు కడుపు కోయించుకుని ఉన్నవాడికి అమ్ముకోకుండా కాపలా ఉండాలి కదా. ఆ కాపలావాడికి దొంగెవరో దొర ఎవరో చూడగానే తెలియదు, అందుకని అందర్నీ ఆపి అడుగుతాడు. అంతవరకూ న్యాయమే.

కమిటీ ఉన్న నగరానికి ఇద్దరూ రైల్లో బయల్దేరారు. ఒన్నో ఎవరి చావుకో పెళ్లికో తొడుక్కునే నల్ల కోటు వేసుకున్నాడు. గేషె దారి పొడుగునా నూరిపోసింది.

"అడిగినదానికి నోరు విప్పి చెప్పు. గుల్లలా మూసుకు కూర్చోకు."

"ఊఁ."

"ఊఁ అంటే వాళ్లకి అర్థం కాదు. వాళ్లు నగరం మనుషులు. అక్కడ మాటలు ఎక్కువ ఖర్చు పెట్టాలి."

"ఊఁ," అన్నాడు ఒన్నో.

ముందు గేషెని పిలిచారు. బల్లకి అవతల ముగ్గురు. ఒక డాక్టరు, ఒక రిటైరైన జడ్జి, మనస్తత్వ నిపుణురాలైన ఒక పడుచుపిల్ల. ఎవరూ చెడ్డవాళ్లు కారు. నీళ్లిచ్చారు, కుర్చీ సౌకర్యంగా ఉందా అని అడిగారు. ఆయన మీకేమైనా డబ్బిచ్చాడా, ఇస్తానన్నాడా, ఇల్లు మీ పేర పెడతానన్నాడా అని జడ్జిగారు అడిగితే గేషెకి నవ్వొచ్చింది. ఒన్నో ఇంటి కప్పు తనకి వద్దనీ, కారుతుందనీ చెప్పింది.

ఆ పిల్ల నెమ్మదిగా అందుకుంది. "ఇద్దరూ కలిసి ఏం చేస్తుంటారు?"

"టీ తాగుతాం."

"ఏం మాట్లాడుకుంటారు?"

"పెద్దగా ఏం మాట్లాడుకోం."

"కలిసి ఊళ్లు తిరిగారా? పండగలు? ఫొటోలేమైనా?"

"ఫొటోలెందుకండీ? కనిపిస్తూనే ఉంటాడుగా."

జడ్జిగారి పెదవి కొంచెం వంగింది. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. "ఆయన కాక మీ ఇంటికి ఇంకెవరు వస్తారు?" అని అడిగింది.

గేషె ఆలోచించింది. "పొగగొట్టం తుడిచే అతను ఏడాదికోసారి వస్తాడు," అంది.  ఆ పిల్ల ఏదో రాసుకుంది. అప్పుడు గేషెకి వెలిగింది. వీళ్లు తూకం వేస్తున్నది స్నేహాన్ని కాదు, తన ఒంటరితనాన్ని. అదెంత బరువు తూగితే తనకి అంత నష్టం.

"ఆపరేషన్ అయ్యాక ఆయన ఆరోగ్యంగా తిరుగుతారు. మీ ఇంటికి టీకి రావడం మానేస్తే?"

"మానేస్తే మానేస్తాడు."

"తోడు పోతుందన్న భయంతో కిడ్నీ ఇస్తున్నానని మీకెప్పుడైనా అనిపించిందా?"

గేషెకి ఒళ్లు మండింది. "అనిపించింది. అయితే ఏంటట? కొడుక్కి ఇచ్చే తల్లి ఎందుకిస్తుందమ్మా? వాడు లేకపోతే తను బతకలేక కాదూ? ఆవిణ్ణి మీరు ఇలాగే అడుగుతారా? ఆవిడదైతే ప్రేమ, నాదైతే జబ్బా?"

 జడ్జిగారు, "మీరన్నది కొట్టిపారేసే మాట కాదు," అన్నాడు. బయటికి వచ్చేటప్పుడు గేషె మనసు తేలికగా ఉంది. నా వంతు నేను చెప్పేశాను, ఇంక ఒన్నో ఒక్క మాట అంటే చాలు అనుకుంది.

తరువాత ఒన్నో లోపలికి వెళ్లాడు. వెళ్లినవాడు వెళ్లినట్టే వచ్చేశాడు. గేషెకి తన కోటు గుండీలు కూడా పెట్టుకోవడం అవలేదు.

"అయిపోయిందా?"

"ఊఁ."

"ఏమన్నారు?"

"మర్యాదస్తులు," అన్నాడు ఒన్నో. తిరుగు రైల్లో ఊరు వచ్చేదాకా కళ్లు మూసుకునే కూర్చున్నాడు. నిద్రపోలేదని గేషెకి తెలుసు.

కొన్నాళ్లకి డాక్టర్ సీవర్స్ ఫోన్ చేసింది. కమిటీ కాదందని చెప్పింది. ఎందుకు అని గేషె అడిగితే, లోపల మాట్లాడినవి చెప్పకూడదంది. గేషె ఫోన్ పెట్టకుండా అలాగే పట్టుకుని ఉంటే, అవతల ఆవిడే నిట్టూర్చి, "మీరు ఎంత దగ్గరివాళ్లని చెప్పారో, ఆయన నోట అంత వినపడలేదట," అంది.

గేషె చెప్పులు మార్చుకోకుండానే కంచె దాటి ఒన్నో ఇంట్లోకి వెళ్లింది. ఇన్నేళ్లలో ఆ ఇంటి వంటగదిలో ఆమె అడుగు పెట్టడం అదే మొదలు. ఒన్నో బల్ల దగ్గర కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు.

"ఏం చెప్పావు వాళ్లకి?"

కత్తి ఆగింది. "ఆవిడ మీకేమవుతారని అడిగారు."

"ఊఁ?"

"ఏమీ కారు, పక్కింటావిడ అన్నాను."

 చెంప మీద కొడితే గేషెకి ఇంతకంటే తేలికగా ఉండేది. "పక్కింటావిడా? అంతేనా? నేను అక్కడ నా బతుకంతా విప్పి బల్ల మీద పరిచానయ్యా. పొగగొట్టం తుడిచేవాడితో సహా! నువ్వేమో ఏమీ కాదన్నావు."

 గేషె తలుపు దభాలున వేసి వచ్చేసింది.

ఆ తర్వాత టీ లేదు. మూడు గంటలకి గేషె వంటింట్లో నిలబడేది. అతను చచ్చిపోతే ఎలా ఉంటుందనుకుందో, అచ్చం అలాగే ఉంది. కాకపోతే గోడ అవతల అతని రేడియో వినిపిస్తోంది. బతికున్న మనిషి లేకుండా పోవడం చచ్చినవాడు పోవడం కంటే అధ్వాన్నం. చచ్చినవాడి మీద అలగక్కర్లేదు కదా. రొట్టెల దుకాణానికి వెళ్లినప్పుడు కూడా ఎవరి వంకా చూడకుండా వేలు చూపించి కొనుక్కునేది.

దుకాణం తాలెయాది. ఊళ్లో ఏ పిల్లి ఎక్కడ ఈనిందో కూడా ఆవిడకి తెలుసు. రొట్టె చుట్టి ఇస్తూ, "ఏమమ్మోయ్, కాదన్నారటగా?" అంది.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలేంటి, నీ మొహం చాలదూ? అయినా ఇంత బతుకూ బతికి మీకు బుర్రలేదు. పెళ్లి చేసుకోండి. మొగుడికి పెళ్లాం ఇస్తే ఇంత రాద్ధాంతం చేస్తారా? ఇద్దరూ ఒంటికాయ శొంఠికొమ్ములేగా."

గేషె రొట్టె తీసుకుని వచ్చేసింది. కరకట్ట మీద సగం దారిలో ఆగింది. గాలికి గొర్రెలన్నీ ఒకే వైపు తిరిగి నిలబడి ఉన్నాయి. తాలెయా వెటకారానికే అన్నా, గేషె కడుపులో మాత్రం ఏదో వెచ్చబడింది. ఆ వెచ్చదనం కిడ్నీ కోసం కాదని కూడా ఆమెకు తెలిసిపోయింది. ఈ వయసులో ఇదేం సిగ్గు అనుకుంటూ నేరుగా ఒన్నో ఇంటికి నడిచింది.

ఆ రోజు డయాలసిస్. ఒన్నో కోటు వేసుకుని, సంచి పక్కన పెట్టుకుని, టాక్సీ కోసం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ముందుకంటే నల్లబడ్డాడు, కళ్ల కింద వాపు. గేషె రొట్టె చంకలో పెట్టుకునే నిలబడి చెప్పేసింది.

"మనం పెళ్లి చేసుకుందాం."

ఒన్నో ఈసారి కరకట్ట వైపు చూడలేదు. ఆమె వైపే చూశాడు. చాలాసేపు చూశాడు.

"కిడ్నీ కోసం పెళ్లి చేసుకోను, గేషె."

"మరి దేనికోసం చేసుకుంటావు?"

"ఫొక్కో పోయిన రెండో ఏడు," అన్నాడు. ఫొక్కో గేషె భర్త. "చేపల పండగ రోజున అడుగుదామని మీ గుమ్మం దాకా వచ్చాను. కొత్త చొక్కా కూడా కొన్నాను. రొయ్యల బుట్ట చేతికిచ్చి వెళ్లిపోయాను."

 ఆ రొయ్యలు వలిచి, ఉప్పు తక్కువైందని వంక పెట్టి తిన్న రోజు గేషెకి గుర్తొచ్చింది.

"అప్పుడు నా కిడ్నీలు రెండూ పనిచేసేవి," అన్నాడు ఒన్నో. "అప్పుడు అడిగితే అది అడగడం. ఇప్పుడు ఏమన్నా అడుక్కోవడమే. ఆ బల్ల ముందు కూర్చోబెట్టి ఆవిడ మీకేమవుతారంటే ఏం చెప్పమంటావు? ఉన్నమాట చెబితే నీ కడుపులోంచి ముక్క కోసుకోవడానికి చెప్పినట్టవుతుంది. నా వల్ల కాలేదు."

"ఓరి మూర్ఖుడా," అంది గేషె. ఏడుస్తోంది, ఆ సంగతి ఆమెకి తెలియలేదు. "ఇప్పుడు కాదన్నారుగా? కిడ్నీ మాట అయిపోయిందిగా? ఇప్పుడు అడుగు. ఇప్పుడది అడుక్కోవడం కాదు."

ఒన్నో లేచి నిలబడ్డాడు. ఆమె చంకలోంచి రొట్టె జారుతుంటే పట్టుకుని మళ్లీ సర్దాడు.

"అడుగుతాను. ముందు ఒట్టు పెట్టు. ఇంకెప్పుడూ ఆ కమిటీ దగ్గరికి వెళ్లనని, నీది నాకు ఇవ్వజూపనని. ఆ ఒట్టు పెడితే ఈ క్షణాన అడుగుతాను."

గేషె నోరు తెరిచింది. ఎంత తేలిక. ఒక్క మాట చాలు. ఇంట్లో రెండో కోటు వేలాడుతుంది, రాత్రి గోడ అవతల కాక ఇవతలే రేడియో మోగుతుంది. ఏడాదో రెండేళ్లో. ఆ తర్వాత ఒన్నో ఉండడు. ఒంట్లో అక్కర్లేని కిడ్నీ ఒకటి పెట్టుకుని తను అతని చావు చూస్తూ కూర్చోవాలి. దొంగ ఒట్టు పెట్టి తర్వాత మాట తప్పుదామా అని కూడా ఆలోచించింది. ఆ కళ్లలోకి చూసి అది చెయ్యడం ఆమె తరం కాలేదు.

"పెట్టను," అంది.

"నాకు తెలుసు," అన్నాడు ఒన్నో. కోపంగా అనలేదు. టాక్సీ వచ్చి హారన్ కొట్టింది. సంచి అందుకుని మెల్లగా వెళ్లి ఎక్కాడు. తలుపు వేసుకునే ముందు, "జలుబు చేస్తుంది, లోపలికి వెళ్లు," అన్నాడు.

గేషె లోపలికి వెళ్లలేదు. రోడ్డు ఖాళీ అయ్యేదాకా నిలబడి, తర్వాత ఇంటికి వచ్చి, కోటు కూడా విప్పకుండా డాక్టర్ సీవర్స్‌కి ఫోన్ చేసింది. కమిటీ ముందుకి మళ్లీ వెళ్లడానికి వీలుంటుందా అని అడిగింది.

"ఉంటుంది హార్మ్స్ గారూ. కానీ మీ ఇద్దరి మధ్యా ఏదైనా మారిందని చూపించాలి. ఏమైనా మారిందా?"

"మారింది," అంది గేషె. "చాలా మారింది."

అవతల డాక్టరు గొంతులో ప్రాణం లేచి వచ్చింది. "అయితే ఇంకేం! ఈసారి ఆయన్ని కూడా వచ్చి ఆ మాటే చెప్పమనండి."

"ఆయన నాకు చెప్పాడండీ," అంది గేషె. "మీకు చెప్పడు."